పాలచౌడు, కారుచౌడు

ఆశ్వయుజ కార్తికముల నడుమ బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండమొకటి చీరాల, బాపట్ల తీరమును దాటి, రెండు రాత్రులు ఎడతెగక కురిసి వెలిసిన మరునాడు, మార్టూరు నుండి సముద్రము వైపు సాగిపోవు ఏదేని పల్లెదారి వెంట నడచి చూచినచో, చేలలో నిలిచిన నీరు అన్నిచోట్ల ఒక్క తీరున ఉండదని కంటికే తెలియును. ఒక చేనిలో నీరు నాటికి నాడే తేరుకొని, అడుగున మన్ను స్పష్టముగ అగపడును. పక్కచేనిలో, నడుమ మూరెడు గట్టు మాత్రమే అడ్డముండగా, అదే మబ్బు నుండి రాలిన నీరు మూడు దినములైనను నాలుగు దినములైనను తేరుకొనక, కుడితితొట్టిలోని నీటివలె మురికిగ నిలిచియుండును. మొదటి చేనికి రైతు పేరేమియు పెట్టలేదు. రెండవదానిని మాత్రము కారుచౌడు అనును.

ఈ భేదమును ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును. రెండు గాజుగ్లాసులలో పట్టిన వాననీరు పోసి, ఆ రెండు చేల నుండి తెచ్చి నీడన ఆరనిచ్చిన సెనగగింజంత మట్టిబెడ్డను ఒక్కొక్కదానిలో మెల్లగ జారవిడిచి, కదలింపక ఉంచవలెను. మంచి రేగడిబెడ్డ గ్లాసు అడుగున చేరి, నాలుగు బుడగలు వదలి, చిన్న చిన్న పలుకులుగ విరిగి కూలును గాని, నీరు నిర్మలముగనే ఉండును. కారుచౌడు బెడ్డ చుట్టును పది నిముషములలో పొగవంటి మేఘమొకటి కమ్ముకొనును. రెండు గంటలకు ఆ మేఘము అడుగంతయు ప్రాకును. మరునాటికి నీరెల్ల బూడిదరంగు తిరుగును. ఇప్పుడు బడిలో వాడు సుద్దముక్కను — మన అంగళ్ళలో అమ్ము సుద్దముక్కలలో పెక్కింటికి జిప్సమే మూలపదార్థము — గోటితో గీరి, చిటికెడు పొడిని ఆ మురికినీటిలో కలిపి ఒక్కసారి త్రిప్పి విడిచినచో, కొంతసేపటికి మన్ను నలకలు నలకలుగ పేరుకొని దిగి, పైన నీరు తేరుకొనును. ఈ అధ్యాయమున చెప్పదలచిన శాస్త్రము చాలవరకు ఆ గ్లాసులోనే ఉన్నది; మిగిలినది ఆ గ్లాసును ఎకరముల మేరకు, వేల సంవత్సరముల మేరకు పెంచి చూచుటయే.

నల్లరేగడిలోని బంకమన్ను కంటికి ముద్దవలె తోచినను, నిజమునకది లెక్కకందని పలుచని పలకల దొంతర. ఒక్క పలక మందము మిల్లీమీటరులో ఇంచుమించు పదిలక్షలవ వంతు. ఈ మన్నులో ప్రధానమైన మాంట్‌మొరిల్లొనైటు అను ఖనిజమును ఒక గ్రాము తీసికొని, దాని పలకలన్నిటిని విడదీసి పరచినచో ఏడెనిమిదివందల చదరపు మీటర్ల వైశాల్యమగును. అనగా అయిదారు గ్రాముల మన్ను, పరచగలవాడుండిన యెడల, ఎకరము మిరపతోటను కప్పును. ఈ పలకల మేనిపై ఋణవిద్యుత్తుండుటచేత, ధనవిద్యుత్తు గల లోహపు అయానులు వాటిని అంటిపెట్టుకొని యుండును. వాటిలో కాల్షియము రెండు ఆవేశములు గలది. అది రెండు పలకల నడుమ నిలిచి వాటిని దగ్గరకు లాగి పట్టును. అట్లు పట్టిన పలకలు పలుకులుగ, పలుకులు బెడ్డలుగ కూడుకొని, వాటి సందులలో గాలికిని, నీటికిని, వేరుమొనకును తావు దొరకును. సోడియమునకు ఒక్క ఆవేశమే. పైగా అది తన చుట్టు నీటి అణువుల గుంపును కట్టుకొని తిరుగునది. కాల్షియము కూర్చుండవలసిన చోట సోడియము చేరినచో పలకలకు పట్టు తప్పి, ఒకదానినొకటి త్రోసికొని, నీటిలో విడివిడిగ తేలిపోవును. గ్లాసులో మనము చూచిన మేఘమదే. చేనిలోనైనచో ఆ తేలిన పలకలు తిరిగి దిగునపుడు మట్టిసందులన్నిటిని, మెత్తినట్లు, పూడ్చివేయును; పైనీరు క్రిందికి దిగదు, క్రిందిగాలి పైకి రాదు, ఆరినపుడు పైపొర పెంకువలె బిగిసి మొలకను లేవనీయదు.

రైతుకు వీటన్నిటికంటె ముందు తెలియునది పదును తప్పుట. రేగడినేల దున్నుటకు తడి ఎక్కువైనను పనికిరాదు, ఆరిపోయినను పనికిరాదు. ఆ రెంటి నడుమ గొర్రునకు, గుంటకకు లొంగు కొన్ని దినములకే పదును అని పేరు. మంచినేలలో వారముండు పదును కారుచౌడులో ఒకటి రెండు దినములకు కుదించుకొనిపోవును. ఉదయము కర్రునకు అంటుకొను మన్ను, ఎల్లుండి సాయంకాలమునకు నాగలిమొనను తిప్పికొట్టును.

ఇచ్చట మన భాషను గూర్చి ఒక మాట చెప్పక దాటలేను. 1954లో అమెరికాలోని రివర్‌సైడు లవణనేలల పరిశోధనశాల ప్రకటించిన గ్రంథము, ఉప్పునేలలను క్షారనేలలను విడదీయుటకు కొలతలు నిర్ణయించినది: మట్టి ఊటలో విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసీమెన్సులు దాటినచో లవణనేల, మట్టి పట్టుకొన్న అయానులలో సోడియము నూటికి 15 పాళ్ళు మించి, ఉదజని సూచిక సాధారణముగ 8.5 దాటినచో క్షారనేల. ప్రపంచమంతట విద్యార్థులు నేటికిని ఈ అంకెలనే వల్లించుచున్నారు. మన రైతులు ఏ కొలతయు లేకయే మొదటిదానిని పాలచౌడనియు, రెండవదానిని కారుచౌడనియు వేరు చేసిరి. వేసవిలో పాలు ఒలికినట్లు తెల్లని ఉప్పుపూత పైకి పొంగునది పాలచౌడు. కారుమబ్బు, కారుచీకటి అనునపుడు ఏ నలుపు తోచునో ఆ నలుపు కారుచౌడుది; క్షారము మట్టిలోని కుళ్ళిన ఆకు అలమును కరగించి, నీటితో పైకి తెచ్చి, ఆరిన పిదప నల్లని చారలుగ వదలిపెట్టును. తడిసిన కారుచౌడును వ్రేళ్ళ నడుమ రాచినచో సబ్బువలె జారును. జారవలసినదే, దానిలో ఉన్నది సబ్బుకారములకు అన్నదమ్మువంటి సోడియము కార్బొనేటు. సబ్బులు బజారునకు రాకపూర్వము చాకలివారు చౌడుమన్ను తెచ్చి బట్టలు ఉడికించినది ఇందుచేతనే. కడగండ్లు తెచ్చు మన్నే బట్టలు కడిగినది.

అయితే ఈ సోడియము ఎచ్చటినుండి వచ్చినది? దీనికి ఉత్తరము కావలెనన్న నేలను పైనుండి కాక గోతిలో దిగి చూడవలెను. మహారాష్ట్రపు నల్లరేగడికి లావారాళ్ళు మూలము. గుంటూరు, ప్రకాశం మండలముల రేగడి కొంత ఇచ్చటి ప్రాచీన శిలలు శిథిలమగుటవలనను, కొంత నదుల ఒండ్రువలనను ఏర్పడినది. (కృష్ణ పుట్టినది సహ్యాద్రి లావారాళ్ళలోనే కాబట్టి, డెల్టామన్నులో ఆ దేశపు ధూళికిని పాలు కలదు.) ఎత్తు మీది మెట్టచేలలో రెండు మూడడుగులు త్రవ్వగనే తెల్లని సున్నపు గులకలు తగులును, వాటిపై నిమ్మకాయ పిండినచో సన్నని బుడగలు పొంగును. పూర్వము వీటినే ఏరి బట్టీలలో కాల్చి గోడలకు సున్నము చేసెడివారు. ఈ గులకలు నిరపాయమైన వస్తువులవలె కనబడినను, నేల కథలో వీటిది పెద్దపాత్ర. రాళ్ళను తొలుచుకొని దిగు వాననీటిలో కాల్షియము, సోడియము, బైకార్బొనేటు మూడును కరగియుండును. నీరు ఆవిరియగుకొలది మొదట విడిపోవునది, అన్నిటికంటె తక్కువ కరుగునది కాబట్టి, సున్నము. కాల్షియము గులకయై మెట్టమీదనే నిలిచిపోగా, సోడియము మాత్రము నీటితోపాటు పల్లమునకు ప్రయాణము చేయును. పల్లమున నీటికి పోవు దారి ఉన్నచో సోడియమును సముద్రమునకు చేరును. దారి లేనిచోట నీరొక్కటే ఆకాశమునకు పోవును.

దారి లేని పల్లములలో అగ్రగణ్యములు పూర్వపు సరస్సుల అడుగులు. సుమారు ఆరువేల సంవత్సరముల క్రిందట సముద్రమట్టము నేటిదానికి దగ్గరగ వచ్చి నిలిచిన పిదప, అలలు తీరము వెంట ఇసుకదిబ్బలను ఒకదాని వెనుక ఒకటిగ పేర్చుచు వచ్చినవి. బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుకభూములు అట్టివే. దిబ్బలకు వెనుక, కృష్ణ ఒండ్రునకు ముందు, నడుమ చిక్కిన నీరు కయ్యలుగను మడుగులుగను నిలిచి, క్రమముగ మేటపడినది. చీరాల ప్రాంతమున ప్రవహించు మురుగుకాలువకు రొంపేరు అని పేరు. రొంపి, ఏరు అను రెండు మాటలు ఆ పేరున వినబడుట నా చెవికి వట్టి కాకతాళీయముగ తోచదు. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేరు కూడ ఒకనాటి ఉప్పుకయ్యయే అని భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయము; అంతటి సరస్సుకు నేటికిని సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే.

నిలకడనీటిలో మన్ను దిగు తీరు వేరు. ఏరు పారునపుడు ఇసుక ముందు రాలును, నిశ్చలమైన నడిమడుగున మాత్రమే అత్యంత సూక్ష్మమైన బంకమన్ను దిగును. కాబట్టి సరస్సు అడుగుభూమి అద్దమువలె చదునుగను, మైనమువలె బంకగను ఉండును. వాలు లేదు, ఇసుకపొర లేదు, నీరు ప్రక్కకు పోదు, క్రిందికి దిగదు. అట్టి భూమిలో నిలువులోతు గోతినొకదానిని త్రవ్వించి, గోడను కత్తితో చెక్కి చూచినచో కథయంతయు చదువవచ్చును. పైన మూరెడు మేర నెర్రెలు బారిన ముదురుబూడిద మన్ను. దాని క్రింద తెల్లని నత్తగుల్లలు, ఇంకను వేలితో ఎత్తి చూడదగినంత చెక్కుచెదరక, పొరపొరగ. ఇంకను క్రింద మన్ను నీలిబూడిదరంగు తిరుగును. గాలి సోకని చోట ఇనుము తుప్పుపట్టక, ఆ నీలిరంగు తెచ్చిపెట్టుచున్నది. ఆ నీలములో అక్కడక్కడ సన్నని తుప్పుచారలు నిలువున దిగియుండును: ఒకప్పటి తుంగవేళ్ళు క్రుళ్ళిపోగా మిగిలిన సన్నని గొట్టముల వెంట గాలి దిగి, ఆ మేర మాత్రము ఇనుమును ఎఱ్ఱబరచినది. తుంగ పోయి ఎన్ని తరములైనదో తెలియకపోయినను దాని వేళ్ళ పటము నిలిచియున్నది.

మన దేశముననే కాదు, మెక్సికో నగరపు ప్రక్కన ఎండిపోయిన టెక్స్కోకో సరస్సు అడుగున ఉదజని సూచిక 10 దాటిన చోట్లు కలవు. హంగేరీ మైదానమున ఇట్టి నేలలు వేల చదరపు కిలోమీటర్లు వ్యాపించియున్నవి. ఆ దేశములకును మనకును వాతావరణమున పోలిక తక్కువ. దారి దొరకని నీరు ఆవిరియగుటలో మాత్రము పోలిక ఎక్కువ. గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో ఏటి వర్షపాతము ఎనిమిది తొమ్మిదివందల మిల్లీమీటర్లకు అటునిటు. తెరచియుంచిన తొట్టి నుండి ఏటికి ఆవిరియగు నీరు ఇంచుమించు దానికి రెట్టింపు.

ఇంతవరకు చెప్పినది ప్రకృతి చేసిన పని. మనిషి చేసినది తరువాతి కథ. కృష్ణకు బెజవాడ యొద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచినది 1967 ఆగస్టులో. ఈ రెండు నీళ్ళును క్షామమును తరిమినవనుటలో సందేహము లేదు. కాని సాగరు కుడికాలువ క్రింద ఆరుతడి పైరులకని విభజించిన రేగడిచేలలో సైతము, నీరు చేతికందిన తోడనే, వరినాట్లు పడినవి. ఆరుతడి అనగా పైరునకు తడిపెట్టి ఆరనిచ్చుట. మాగాణి అనగా నిలువనీరు. రేగడి నెర్రెలలోనికి మొదటినీరు గటగట దిగినను, మన్ను ఉబ్బి నెర్రెలు మూసికొన్న పిదప గంటకొక మిల్లీమీటరైనను ఇంకదు. ఇంకిన కొద్దిపాటి నీరు కూడ ఏళ్ళ తరబడి అడుగున చేరి, జలమట్టమును మెల్లమెల్లగ పైకెత్తును. అది నేలపైకి రెండు మీటర్లకంటె దగ్గరగ వచ్చెనా, దీపపువత్తిలో నూనె ఎక్కినట్లు సన్నసందుల వెంట నీరు పైకెక్కి, ఉప్పును పైపొరలో దించి, తాను ఎగిరిపోవును. కాలువ తలయొద్ద వరి పచ్చగ నుండగా, దాని పల్లమున వేరొక రైతు చేను చౌడెత్తుటకు కారణము ఇదియే. పల్లపురైతు తాను పెట్టని నీటికి పన్ను కట్టుచున్నాడని నాకెప్పుడును అనిపించును. కాలువ చేరని చోట్ల బోరునీటిది ఇంకొక చిక్కు: కాల్షియముకంటె బైకార్బొనేటు అధికమైన నీటిని ఏటేట పెట్టినచో, సున్నము విడిపోయి సోడియము మిగులు ఆ పాతకథయే పొలములో తిరిగి నడచును.

పైరులకు ఇది ఎట్లు తగులునో ప్రత్తిని, మిరపను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును. ఉప్పునకు పైరులు ఓర్చు మేరను కొలిచినవారి లెక్కప్రకారము, ప్రత్తికి మట్టి ఊటలో వాహకత 7.7 వరకు దిగుబడి తగ్గదు. ఆపైన ఒక్కొక్క యూనిటుకు నూటికి 5 పాళ్ళ చొప్పున తగ్గును. మిరపజాతికి ఆ హద్దు 1.5 మాత్రమే, ఆపైన యూనిటుకు 14 పాళ్ళు. ఇందులో ఒక విచిత్రమున్నది. ప్రయోగశాల 4 దాటినగాని నేలను ఉప్పునేల అనదు. కాని 4 చేరునప్పటికే మిరప తన పంటలో మూడవవంతుకు పైగా పోగొట్టుకొన్నది. పరీక్షకాగితమున బాగున్నదని వ్రాసిన నేలలో మిరప గిడసబారుటకు ఇదొక కారణము. ఉప్పునకు అంతగ ఓర్చు ప్రత్తి కూడ వేరుయొద్ద నీరు నిలిచినచో ఓర్వలేదు. మిరపయైనచో ఒక్క రాత్రి మునిగి, మరునాడు ఎండ కాయగనే తలవాల్చును. బోదెలు ఎత్తి నాటుట అందుకే. క్షారమువలని నష్టము ఇంకను నిశ్శబ్దమైనది: మట్టిలో ఇనుము, జింకు ఉండియు కరగక, వేరునకు అందక పోవును. లేతాకు ఈనెలు మాత్రమే పచ్చగ మిగిలి తక్కినదంతయు పాలిపోయినపుడు, అన్నభేదిని నిమ్మఉప్పుతో కలిపి ఆకుపై చల్లుట రైతులకు అలవాటే. ఆ మందు ఆకును బ్రతికించును; నేల జోలికి పోదు.

నేలకు మందు సుద్దముక్క చూపినదే. జిప్సములోని కాల్షియము పలకలపై సోడియమును త్రోసి తాను కూర్చుండును. త్రోయబడిన సోడియము సల్ఫేటుతో కలిసి నీటిలో కరగును. వంద గ్రాముల మట్టికి ఒక మిల్లీతుల్యాంకపు సోడియమును మార్చుటకు, అడుగులోతు మన్నునకు, ఎకరాకు ఇంచుమించు టన్నున్నర జిప్సము కావలెను. కారుచౌడులో మార్చవలసినది పెక్కు మిల్లీతుల్యాంకములు. పైగా లీటరు నీటిలో కరగు జిప్సము రెండున్నర గ్రాములే; కావున నీరు నిలువగట్టి, ఇంకించి, మరల కట్టవలెను. ఆపై జీలుగ చల్లి పూతవేళ కలియదున్నుట, తొలి పైరుగ వరి వేయుట పెద్దలు చెప్పు క్రమము. కుళ్ళు పచ్చిరొట్ట నుండియు వరివేళ్ళ నుండియు పుట్టు బొగ్గుపులుసు గాలి నేలలోని సున్నమును కరగించి, కాల్షియమును ఊరకయే ఇచ్చును.

ఇంతయు చేసి పలువురు నష్టపోయినది ఒక్క ప్రశ్న అడుగకపోవుటచేత: కరగిన సోడియము ఎచ్చటికి పోవును? దారి లేని పల్లమున అది అడుగున కొంతకాలము దాగి, వేసవిలో తిరిగి పైకి వచ్చును. జిప్సము బస్తాలను లెక్కించినవారు మురుగుకాలువ లోతును లెక్కింపకపోవుట నేను కన్నులార చూచితిని. ఆ చేలు మూడవ ఏటికి మొదటికి వచ్చినవి.

ఈ ప్రశ్నను సరిగ అడిగినవారిలో డచ్చివారు మొదటివరుసలోనివారు. హార్లెం యొద్దనున్న మహాసరస్సును యంత్రములతో తోడి 1852 నాటికి ఎండగట్టి, ఆ అడుగున పొలములు చేసిన జాతి వారిది. దాదాపు ఆ కాలముననే మనము కృష్ణను పొలములమీదికి మళ్ళించుకొనుచుంటిమి. 1953లో సముద్రము కట్టలు తెంచుకొని వారి పొలములపై బడినపుడు, ఉప్పునీరు పోయిన వెనుకనే అసలు ప్రమాదమున్నదని వారెరిగియుండిరి. ఉప్పు నిండుగ ఉన్నంతకాలము సోడియపు మన్ను కూడ విడిపోక పొడిపొడిగ నిలుచును; పైనుండి తీయని వాననీరు దిగి ఉప్పును కడిగివేసిన క్షణమున పట్టు తప్పి అడుసగును. అనగా పాలచౌడు కడుగబడి కారుచౌడగును. అందుచే వారు వానకు ముందే జిప్సము చల్లిరి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచిన నాడు మన డెల్టాభూములకును ఇదే ఆపద వాటిల్లినది.

1990ల చివరి సంవత్సరములలో నెదర్లాండ్సు సహకారముతో బాపట్ల కేంద్రముగ జరిగిన మురుగునీటి పరిశోధనకు రెండు గ్రామములు ప్రయోగక్షేత్రములైనవి. ఒకటి సాగరు కుడికాలువ ఆయకట్టులోని కొణంకి. రెండవది కృష్ణా పశ్చిమ డెల్టా కొసనున్న ఉప్పుగుండూరు. రెండవ ఊరి పేరు పెట్టినవారికి విద్యుద్వాహకతామాపకము అక్కరలేకపోయినది! పొలము క్రింద రంధ్రములు గల గొట్టములను సమాంతరముగ పాతి, చివరను ఒక కాలువలోనికి గాని గుంటలోనికి గాని తెరచుట అచ్చట పరీక్షించిన పద్ధతి. పైనుండి చూచినచో ఏమియు కనబడదు. చేను చేనువలెనే యుండును, దున్నుటకు అడ్డులేదు, గట్టు పోలేదు. గొట్టము సందులలో మన్ను చేరకుండ చుట్టు వడకట్టు గుడ్డయో ఇసుకయో ఉండవలెను; కాలువనీటి మట్టము గొట్టపుమూతికంటె దిగువన ఉండవలెను. ఈ రెండవ నిబంధన చెప్పుటకు సులభము. సముద్రపుమట్టమునకు మీటరో రెండు మీటర్లో ఎత్తుననున్న భూమిలో, తూటికాడలు అల్లుకొని పూడిపోయిన మురుగుకాలువల నడుమ, దానిని నిలుపుట ఒక్క రైతువలన అగుపని కాదు. డెల్టా మురుగుకాలువల బాగునకై 1968లో ప్రత్యేకముగ సుంకపుచట్టమొకటి చేయవలసివచ్చినదన్న ఆ కష్టమెంతటిదో ఊహింపవచ్చును.

ఇట్టి గొట్టపుమూతి నొకదానిని నేను ఫాల్గుణమాసమున చూచితిని. పైన చేనిలో తడి ఆరి, సర్కారుతుమ్మ కొట్టివేసిన చోట గరిక లేతగ చిగురించుచున్నది. క్రింద, కాలువగట్టున నడుము వరకు వంగి చూచినగాని అగపడని ఆ మూతి నుండి నీరు చిటికెనవ్రేలి లావున, చప్పుడు లేక, పడుచున్నది. నీరు వడ్డ రాతిమీద తెల్లని పొరయొకటి పేరుకొన్నది. వెంట వచ్చిన వృద్ధరైతు అరచేయి చాచి నాలుగు చుక్కలు పట్టి, నాలుకతో తాకి, వెంటనే ప్రక్కకు ఉమ్మి, చేతిని పంచెకు తుడుచుకొనుచు, "పోతోంది బాబూ" అనెను.